లొకేషన్ పెట్టను, దారి చెబుతాను

మొన్న నెల్లిమర్లలో ఒక పెళ్ళికి వెళ్ళాను. భోజనాల దగ్గర, బూరెల పళ్ళెం చేత్తో పట్టుకున్న కుర్రాడొకడు పక్కకొచ్చి, "బాబాయ్, ఆ కొండ మీద డబ్బా లొకేషన్ పెట్టండి, ఆదివారం మేం నలుగురం వెళ్ళొస్తాం" అన్నాడు. పెట్టనన్నాను. "ఏం, సీక్రెట్టా?" అన్నాడు. సీక్రెట్టేం కాదు, ఆ ఊళ్ళో అందరికీ తెలుసు అన్నాను. "మరి?" అన్నాడు.

ఆ "మరి"కి అక్కడ నా దగ్గర జవాబు లేదు. వెనక బంతివాళ్ళు కుర్చీల కోసం తోసుకుంటున్నారు. ఏదో నవ్వేసి వచ్చేశాను. ఇంటికొచ్చాక నాలుగు రోజులు అదే బుర్రలో తిరిగింది. లొకేషన్ ఎందుకు పెట్టను? ఊళ్ళో అందరికీ తెలిసినదాన్ని విజయనగరం కుర్రాడికి చెప్పకపోవడం పొగరు కాదా? ఏడాది కిందట అడిగితే చాలా గట్టిగా ఒక జవాబు చెప్పేవాణ్ణి. ఇప్పుడూ పెట్టననే అంటున్నాను గానీ, కారణం మారిపోయింది. ఎలా మారిందో చెప్పకుండా ఆ కుర్రాడికి నా మాట అర్థం కాదు.

ఆట ఏమిటో కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కల్లో. కొండల్లోనో అడవిలోనో ఒక డబ్బా దాస్తారు. అందులో ఒక రబ్బరు స్టాంపు, ఒక నోటుపుస్తకం ఉంటాయి. దారి ఆనవాళ్ళు మాటల్లో రాసి ఇస్తారు. పట్టుకున్నవాళ్ళు డబ్బాలోని స్టాంపు తమ పుస్తకంలో కొట్టుకుని, తమ స్టాంపు డబ్బాలోని పుస్తకంలో కొట్టి, తీసినచోటే పెట్టి వస్తారు. బహుమతులేం ఉండవు. లెటర్‌బాక్సింగ్ అంటారు.

"ఏం రాయాలి?" "రాయి."

నాకిది మా మేనల్లుడి వల్ల అంటుకుంది. వాడు ఇంగ్లండులో ప్లిమత్‌లో చదువుకుంటున్నాడు. పక్కనే డార్ట్‌మూర్ అని పెద్ద బీడుభూమి, అక్కడక్కడా కొండ నెత్తిన గుట్టలుగా నిలబడ్డ నల్లరాళ్ళు. వీడియో కాల్‌లో ఒక రాయి చూపించాడు. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న బండలు, పైన టోపీ పెట్టుకున్న ముసలాడి మొహం. బౌవర్‌మ్యాన్స్ నోజ్ అట దాని పేరు. బౌవర్‌మ్యాన్ అనే వేటగాడు మంత్రగత్తెల జోలికి పోతే వాళ్ళతణ్ణి రాయిని చేశారట, వాడి కుక్కలే కాస్త అవతల హౌండ్ టార్ అనే ఇంకో రాళ్ళగుట్ట అయ్యాయట. "మావయ్యా, మన దగ్గరైతే ఇది భీముడు ఆడుకుని పారేసిన గోళీ అయ్యుండేది" అన్నాడు. నిజమే. మన జిల్లాలో భీముడి చెయ్యి పడని గుండు తక్కువ.

ఆ చుట్టుపక్కలే ఎక్కడో డబ్బా ఉందట. రెండు గంటలు వెతికి, బురదలో మోకాలిదాకా దిగబడి, స్టాంపు కొట్టుకుని వచ్చాడు. ఎంబీయే చదివేవాడు పోస్టేజీ స్టాంపంత బొమ్మని చూపించి మురిసిపోతుంటే నాకు నవ్వొచ్చింది. తరవాత కొంచెం అసూయ వేసింది.

మర్నాడే కలెక్టరాఫీసు దగ్గర స్టాంపులు చేసే షాపుకి వెళ్ళాను. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, "ఏం రాయాలండి?" అన్నాడు.

"రాయి" అన్నాను.

"అదేనండి, ఏం రాయమంటారు?"

"రాయేనండి. రాయి బొమ్మ."

"ఏ ఆఫీసుకి?"

ఆఫీసు కాదు, కొండకి అన్నాను. అప్పుడు నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. మొత్తానికి నేను గీసిచ్చిన బొమ్మతో చేసిచ్చాడు. రెండు గుండ్లు, మధ్యన సందు.

ఆ రాయి గురించి చెప్పాలి. నెల్లిమర్ల దాటాక ఒక ఊరు. పేరు చెప్పను. ఊరి వెనక చెరువు, చెరువు వెనక కొండ. కొండకి సగం ఎత్తులో రెండు పెద్ద గుండ్లు. ఒకటి నిటారుగా ఉంటుంది, రెండోది దాని భుజం మీద తల వాల్చినట్టు ఒరిగి ఉంటుంది. మధ్యన మనిషి పక్కకి తిరిగితే దూరగలిగేంత సందు. ఊళ్ళోవాళ్ళు దాన్ని తలుపురాయి అంటారు. ఎండ నెత్తిమీదున్నప్పుడు కూడా ఆ సందులో చల్లగా, మేకల కంపు కొడుతూ ఉంటుంది. చెయ్యి పెట్టి చూస్తే లోపలివైపు రాయి నున్నగా ఉంది, సరిగ్గా నడుమెత్తున. వానకీ గాలికీ అరిగిందనుకున్నాను. (ఇది గుర్తుపెట్టుకోండి.)

ఇలాంటి గుండ్లు ఎవరూ పేర్చినవి కావు. భూమి లోపలే రాతికి పగుళ్ళు పడతాయి, ఆ పగుళ్ళలోకి నీళ్ళు దిగుతాయి, మూలలు ముందు కుళ్ళిపోతాయి, గట్టి నడిమిభాగం గుండ్రంగా మిగులుతుంది. ఎప్పటికో పైమట్టి కొట్టుకుపోయి అవి బయటపడతాయి. డార్ట్‌మూర్ రాళ్ళ గురించి కూడా దాదాపు ఇదే కథ చెబుతారు. కాకపోతే ఆ గ్రానైటు వయసు 28 కోట్ల ఏళ్ళు, మన తూర్పు కనుమల రాయి ఇప్పటి రూపానికొచ్చి వంద కోట్ల ఏళ్ళ దాకా అయింది. మేనల్లుడికి ఈ ముక్క మెసేజ్ పెట్టి కాస్త గర్వపడ్డాను.

ముందు రామతీర్థం అనుకున్నాను. మా పక్క రాళ్ళు చూడాలంటే ఎవరైనా రామతీర్థమే పొమ్మంటారు కదా. కానీ గురుభక్తుల కొండ మీద బౌద్ధ విహారాల శిథిలాలున్నాయి, పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. అక్కడ ఇటుక సందులో డబ్బా దూర్చడం వెధవ పని. డార్ట్‌మూర్‌లో కూడా పాత కట్టడాల్లో డబ్బాలు పెట్టకూడదన్నది ఆడేవాళ్ళ నియమం. ఇక బోధికొండ పక్కకైతే వెళ్ళే ఆలోచనే రాలేదు. 2020 డిసెంబరు చివర్లో పైనున్న కోదండరాముడి విగ్రహం ధ్వంసమైనప్పటి నుంచి, ఆ చుట్టుపక్కల సంచీ పట్టుకుని రాళ్ళ మధ్య తచ్చాడేవాణ్ణి ఎవరైనా ఆపి అడుగుతారు. అడగాలి కూడా.

అందుకని ఎవరూ రాని కొండ, ఎవరికీ తెలియని రాయి కావాలనుకున్నాను. తలుపురాయి సందులో ఎడమచేతి పక్క ఒక గూడు కనిపించింది. మూత వేసినట్టు సరిగ్గా సరిపోయే పలకరాయి కూడా పక్కనే పడి ఉంది. ప్రకృతి నా కోసమే అమర్చి పెట్టిందనుకున్నాను. డిసెంబరు మొదటి ఆదివారం, పొలాల్లో వరికుప్పలు వేసి ఉన్నాయి, స్టీలు టిఫిన్ డబ్బాలో స్టాంపు, ఇంకుప్యాడు, నలభై పేజీల పుస్తకం, పెన్సిలు, నా అడ్రసు రాసిన పది పోస్టుకార్డులు పెట్టి, పలకరాయి మూసి, ఈలేసుకుంటూ దిగొచ్చాను.

మూడో తాడిచెట్టు

అప్పటికి నా వాదన ఇది. ఫోన్లో చుక్క చూసుకుంటూ వెళ్ళేవాడు చుక్కనే చూస్తాడు, కొండని చూడడు. నీలం చుక్క ఎర్ర చుక్కలో కలిసిందా, ఫోటో తీశాడా, దిగిపోయాడా. మాటల్లో దారి రాస్తే చెట్టు చూడాలి, గట్టు చూడాలి, ఎండ ఎటుందో చూడాలి.

నేను రాసిన ఆనవాళ్ళు ఇలా ఉండేవి:

"చెరువు గట్టెక్కి మదుం దాటు. కుడిచేతివైపు తాడిచెట్లు లెక్కపెట్టు. మూడోదాని మొదట్లో నిలబడి కొండకేసి చూడు, తలుపు ఓరగా తీసి ఉంటుంది. చూస్తూ చూస్తూ ఎడమకి నడు. తలుపు మూసుకుపోయిన చోట ఆగి, తిన్నగా ఎక్కు."

ఆ "మూసుకుపోయిన చోట" అన్నది నాకు చాలా ఇష్టం. గట్టు మీద ఎడమకి నడిచేకొద్దీ రెండు గుండ్ల మధ్య సందు సన్నబడుతూ వచ్చి, ఒకచోట ఆకాశం కనబడటం ఆగిపోతుంది. అక్కణ్ణించి తిన్నగా ఎక్కితే ముళ్ళడొంకా తగలదు, జీడితోట కంచే తగలదు. ఈ సంగతి ఏ మ్యాపూ చెప్పదు.

జీపీఎస్ మీద నాకేం పగ లేదు. 2000 మే మొదట్లో అమెరికా ప్రభుత్వం మామూలు జనం వాడే జీపీఎస్‌లో కావాలని పెట్టిన తప్పు తీసేసింది. రెండు రోజులు తిరక్కుండానే ఆరెగాన్‌లో డేవ్ అల్మర్ అనే ఆయన అడవిలో ఒక బకెట్టు దాచి, అక్షాంశ రేఖాంశాలు అందరికీ చెప్పేశాడు. జియోకాషింగ్ అలా పుట్టింది. ఈ రోజు దాన్ని ఆడేవాళ్ళు లెటర్‌బాక్సింగ్ వాళ్ళకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అదీ ఆటే. కాకపోతే అందులో చోటు మాత్రమే ఉంటుంది, దారి ఉండదు అనేవాణ్ణి.

ఈ వాదన గొప్పతనం లెక్కల మాస్టారైన నా స్నేహితుడి మీద తేలిపోయింది. పుట్టి పెరిగింది విజయనగరం కోట దగ్గర, తాడికీ ఈతకీ తేడా తెలియదు. గట్టు మీద ఈతచెట్లు లెక్కపెట్టాడు. మూడోదాని మొదట్లో నిలబడి కొండకేసి చూస్తుంటే పైనుంచి ఎవరో "ఎవులు బావూ, ఏటి సూస్తన్నారు?" అన్నారట. కల్లుగీసే ఆయన. మాటల్లో మాట, లొట్టిలోంచి లోటాలోకి. మాస్టారు తలుపురాయి మొహం చూడకుండా సాయంత్రం ఆటోలో తిరిగొచ్చాడు. "ఏరా, డబ్బా దొరికిందా?" అంటే, "డబ్బా ఏ డబ్బా?" అన్నాడు. అంత మంచి ఆదివారం ఈమధ్య గడపలేదని ఇప్పటికీ చెబుతాడు. ఇది నా వాదనకి సాక్ష్యమో, ఎదురు సాక్ష్యమో నాకు తేలలేదు.

డబ్బా పోయింది

కనుమ మర్నాడు నేనే వెళ్ళి చూశాను. పలకరాయి పక్కకి తీసి ఉంది. గూడు ఖాళీ. అందులో ఒక మట్టి ముంత, కర్రకి చుట్టిన పాత తువ్వాలు ఉన్నాయి.

దొంగతనం అనుకున్నాను. స్టీలు డబ్బా కదా, ఎవడో పట్టుకుపోయాడని వారం పాటు అందరికీ చెప్పుకుని బాధపడ్డాను. పోలీసు శాఖలో చేసి రిటైరయిన చిన్ననాటి స్నేహితుడొకడు ఉన్నాడు. వాడు విని పడీపడీ నవ్వాడు. "ఒరేయ్, కొండ మీద రాయి కింద డబ్బా దాచి, దారి గుర్తులు కాయితం మీద రాసి పంచిపెట్టావా? దాన్ని మేం ఏమంటామో తెలుసా? డంపు." 1960ల చివర శ్రీకాకుళం గిరిజన పోరాటం నడిచిన నేల ఇది. మా తరం వాళ్ళకి కొండల్లో దాచిన డబ్బా అంటే గుర్తొచ్చేది ఆట కాదు, ఆయుధాలు. ఇంగ్లండు ఆటని ఇంగ్లండు కళ్ళతోనే చూశాను, మా ఊరి కళ్ళు అరువిచ్చేశాను కాబోలు.

వాడు నవ్వు ఆపాక ఇంకో మాట అన్నాడు. అడవిపందుల కోసం నాటుబాంబులు పెడతారు, పశువులు నోరు పెట్టి చచ్చిపోతాయి, కొండ కింద మేకలు కాసుకునేవాళ్ళకి కొత్త వస్తువు కనబడితే గుండె జారిపోతుందిరా, అన్నాడు. అది విన్నాక నవ్వు రాలేదు.

జనవరి ఆఖర్లో నా పేరిట పోస్టుకార్డు వచ్చింది. అడ్రసు నా చేతిరాతలోనే ఉంది. డబ్బాలో పెట్టిన పదింటిలో ఒకటి. వెనకవైపు గుండ్రటి అక్షరాలు, గీత కొట్టినట్టు తిన్నగా:

"అయ్యా, నమస్కారం. మీ డబ్బా కొండ మీద దొరికింది. మా మేకపోతు రాయి తోసేసింది. కార్డు మీద మీ అడ్రసు ఉంది కాబట్టి రాస్తున్నాను. డబ్బా మా ఇంట్లో భద్రంగా ఉంది. మా మామ్మ మిమ్మల్ని రమ్మంది. కొంచెం కోపంగా ఉంది. ఇట్లు, ఏడో తరగతి."

పేరు రాయలేదు. తరగతే సంతకం. అర్ధరూపాయి కార్డు అది. డార్ట్‌మూర్‌లో కూడా ఒకప్పుడు సరిగ్గా ఇదే పద్ధతి ఉండేది, పైకెక్కినవాళ్ళు తమ పేరిట కార్డులు డబ్బాలో వదిలేవారు, తరవాత ఎక్కినవాళ్ళు అవి తీసుకెళ్ళి పోస్టు చేసేవారు, లెటర్‌బాక్స్ అన్న పేరే అలా వచ్చింది. అది చదివే నేను కార్డులు పెట్టాను. నిజంగా ఒకటి తిరిగొస్తుందని మాత్రం అనుకోలేదు.

ఆవిడ అలమర

కార్డు పట్టుకుని వెళ్ళాను. ఆ మామ్మకి అరవై దాటి ఉంటాయి. వాకిట్లో చీపురుపుల్లలు కడుతోంది. నన్ను చూడగానే, "మీరేనేటి పోస్టు డబ్బా బాబు?" అంది. అవునప్పా అన్నాను. చీపురు పక్కన పెట్టి, "కొండ మీద పోస్టు డబ్బా ఏటి బాబూ? మేకలు ఉత్తరాలు రాస్తాయేటి?" అంది.

వివరంగా చెప్పాను. డార్ట్‌మూరు, మేనల్లుడు, స్టాంపు, ఆనవాళ్ళు. ఆవిడ అంతా విని, ఒక్క మాట అంది.

"అది నా గూడు."

ఇరవై ఏళ్ళకి పైగా ఆవిడ చోడంబలి ముంత పెట్టుకునే చోటు అది. పలకరాయి ఆవిడే చెరువు దగ్గర్నుంచి మోసుకొచ్చి పెట్టుకుంది, కుక్కలు ముంత లాగెయ్యకుండా. వానొస్తే ఆ సందులోనే మేకల్ని తోలుకుని నిలబడుతుంది. నడుమెత్తున రాయి నున్నగా ఉందన్నానే, అది వానా గాలీ కాదు. మేకలు ఒళ్ళు రాసుకుని రాసుకుని, మనుషులు వీపు ఆనించి ఆనించి అరగదీసింది. ప్రకృతి నా కోసం అమర్చిందని ఈలేసుకుంటూ దిగొచ్చిన చోటు ఆవిడ అలమర. ఎవరో తెలియనివాళ్ళు వచ్చి మన వంటింట్లో ముంత పక్కకి జరిపి, డబ్బా పెట్టి, "ఎవరికీ తెలియని చోటు దొరికింది" అని లోకానికి చెప్పుకుంటే మనం ఊరుకుంటామా? ఆవిడ కార్డు రాయించింది.

పది రోజులు ఆ గూట్లో చెయ్యి పెట్టలేదట, లోపల ఏముందోనని. "బంగారు పుట్టలో ఏలెడితే కుట్టనా అని సీమే అంటాది గదా బాబూ, నాను అననా?" అంది. అని నవ్వింది. ఆ నవ్వుతో కొంచెం ఊపిరి పీల్చుకున్నాను.

డబ్బా తెచ్చి ఇచ్చింది. భద్రంగానే ఉంది. పుస్తకం మాత్రం అయిపోయింది. నలభై పేజీలూ, అటూ ఇటూ, ఖాళీ లేకుండా తలుపురాయి బొమ్మలే. మనవరాలూ, వీధిలో పిల్లలూ కొట్టేశారు. వాకిటి గోడ మీద మూడు, గడప మీద ఒకటి, ఏడో తరగతి సాంఘికశాస్త్రం పుస్తకం అట్ట మీద ఒకటి. పందిట్లో కట్టేసిన తెల్లమేక నుదుటి మీద, రెండు కొమ్ముల మధ్య, ఊదారంగులో రెండు గుండ్లూ ఒక సందూ.

దాచింది ఎవరి నుంచి?

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో కూర్చుని ఆలోచించింది ఇదే. దాచాను, సరే. ఎవరి నుంచి? విజయనగరం నుంచి వచ్చే నా స్నేహితుల నుంచి కాదు, వాళ్ళకి దారి కాయితం ఇచ్చాను. రోజూ ఆ కొండెక్కే మనిషి నుంచి దాచాను. ఆట నియమం పేరు చెప్పి, ఆవిడ కొండ మీద ఆవిడకొక్కదానికే తెలియకుండా ఒక పని చేశాను. "దాసీడమెందుకు బాబూ, నాకిచ్చుంటే నానే సూసుకుందును గదా" అని ఆవిడ అన్నప్పుడు జవాబు లేకపోయింది.

మన కొండల్లో ఖాళీ కొండ లేదు. పుల్లలేరుకునేవాళ్ళుంటారు, సీతాఫలాలు కోసేవాళ్ళుంటారు, అమ్మవారికి ఏడాదికోసారి కోడిని కోసే కుటుంబాలుంటాయి. అంతెందుకు, తూర్పు కనుమల్లో దొరికే ఖోండలైట్ అనే రాయికి ఆ పేరు ఈ కొండల్లో ఉండే ఖోండులనే గిరిజనుల మీద వచ్చింది. రాయికి పేరు పెట్టినాయన ఆ మాత్రం చూశాడు. నేను చూడలేదు.

దీనికి మా మేనల్లుడు ఒప్పుకోలేదు. "డార్ట్‌మూర్‌లో కూడా గొర్రెలు మేస్తాయి మావయ్యా, గుర్రాలుంటాయి, రైతులుంటారు. వాళ్ళందర్నీ అడిగి పెడితే అది దాచడం ఎలా అవుతుంది? ఆటే పోతుంది" అన్నాడు. ఈ మాటకి చాలా రోజులు తడుముకున్నాను. తరవాత ఆ ఆట పుట్టుక మళ్ళీ చదివాను. 1854లో చాగ్‌ఫర్డ్ అనే ఊరివాడు జేమ్స్ పెరట్, క్రాన్‌మియర్ పూల్ అనే చోట, బీడుకి నట్టనడుమ, వచ్చినవాళ్ళు తమ పేరు చీటీలు వేసి వెళ్ళడానికి ఒక సీసా పెట్టాడు. పెరట్ ఎవరు? దారి చూపించడం వృత్తిగా బతికినవాడు. ఆ బురదనేలలో అంతదూరం వెళ్ళాలంటే అలాంటి మనిషి కావాలి. అంటే మొదటి డబ్బాకి చేరే దారి, ఆ నేల తెలిసిన మనిషి. రెండోది 1894లో బెల్‌స్టోన్ టార్ దగ్గర, మూడోది 1938లో డక్స్ పూల్ దగ్గర వచ్చాయి. ఎనభై నాలుగేళ్ళలో మూడంటే మూడే. రాళ్ళ కింద వందలకొద్దీ దాచుకోవడం ఆ తరవాతి ముచ్చట. ఇది పంపిస్తే మేనల్లుడు బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాడు. ఒప్పుకున్నాడో, విసుగొచ్చిందో.

అందుకని ఇప్పుడు డబ్బా గూట్లో లేదు. ఆవిడ ఇంట్లో ఉంది. నా దారి కాయితంలో ఒక్క ముక్క మారింది. తలుపురాయి దగ్గరికి చేరాక, సందులో చెయ్యి పెట్టకుండా, చుట్టూ చూసి మేకల ఆవిణ్ణి అడగాలి. రాయి చూసి వచ్చారని నమ్మితే ఆవిడ డబ్బా తీస్తుంది. చేతులు దూర్చే పని తప్పడం కూడా మంచిదే. రాళ్ళ సందుల్లో తేలు, కట్లపాము లాంటివి మన దగ్గర మామూలు. ఉద్దానం వైపు ఇదే ఆట పెట్టమని పలాస మిత్రుడు అడిగితే ఎలుగుల్ని తలుచుకునే వద్దన్నాను.

నాకు ఇంకా తేలనివి

అంతా బాగుందని చెప్పను. మా ఆఫీసులో ఒకావిడ అడిగింది. "ఆడవాళ్ళం ఇద్దరం వెళ్ళాం అనుకోండి, ఊరుగాని ఊళ్ళో గట్టు మీద కనబడ్డవాణ్ణల్లా ఆపి దారి అడగమంటారా? ఫోన్లో చుక్క ఉంటే ఎవరితో పనిలేకుండా వెళ్ళొస్తాం. మీకు అడగడం సరదా, మాకు టెన్షన్." దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు. ఆవిడకి మాత్రం కింద ఊరి సెంటర్ దాకా లొకేషన్ పంపించాను, మేకల ఆవిడ ఇంటికి ఫోన్ చేసి చెప్పాను. మాట తప్పినట్టేనంటే తప్పినట్టే.

రెండోది డబ్బు. నా ఆదివారం సరదాకి ఆవిడ కాపలా ఉండాలా? ఐదొందలు ఇచ్చాను. వద్దనలేదు, మొహమాటపడలేదు, కొంగుకి ముడేసుకుంది. అది జీతమా, అద్దెనా, అపరాధమా నాకు తెలియదు. నెలకింత అనుకుందామంటే, "మేకల్తో ఎల్లేదాన్ని ఎలాగూ ఎల్తాను, దానికేటి?" అంది. అలా అనడం ఆవిడ మంచితనం. దాని మీద నేను లెక్క కట్టుకోకూడదు. పండక్కి చీర పెట్టాం. ఇంకా సరిపోలేదనే అనిపిస్తుంది.

మూడోది, ఊళ్ళో ఒకరిద్దరు యువకులు అసలు లొకేషన్ పెట్టమంటున్నారు. జనం వస్తే టీ కొట్టు పెట్టుకుంటామంటారు. వాళ్ళ ఊరు, వాళ్ళ కొండ, వద్దనడానికి నేనెవణ్ణి? వద్దనలేదు. ఆవిణ్ణి అడగమన్నాను. అడిగారట. "పెట్టుకోండి, ప్లాస్టిక్ గ్లాసులు నా మేకలు తింటే మీరే డాక్టర్ని తేవాలి" అందట. ఇంకా పెట్టలేదు.

కానీ మార్చిలో జరిగింది విన్నాక, లొకేషన్ విషయంలో మాత్రం నా మనసు గట్టిపడింది. నాలుగు బళ్ళ మీద ఎనిమిదిమంది కుర్రాళ్ళు వచ్చారట. బ్లూటూత్ స్పీకరు, సీసాలు. గట్టు మీద బళ్ళాపి, "తలుపురాయికి దారెటు?" అని ఆవిణ్ణే అడిగారు. ఆవిడ వాళ్ళని పైనుంచి కిందికి చూసి, చెరువుకి అవతలి కొండ చూపించింది. "ఆ కొండకి ఎల్లిపొమ్మన్నాను బాబూ. ఆ పక్కన ఏటీ లేదు, రాళ్ళూ లేవు, నీడా లేదు. మజ్జానానికి దిగి ఎల్లిపోనారు." అదే వారం, ఇద్దరు ముసలి దంపతులు ఎక్కలేక గట్టు మీదే కూర్చుంటే, డబ్బా ఇంటి నుంచి తెప్పించి అక్కడే స్టాంపు కొట్టించింది. రాయి చూడకుండా స్టాంపు ఇవ్వకూడదని నేను పెట్టిన నియమం గుర్తు చేశాను. "ఇక్కణ్ణించి కనబడతంది గదా" అంది.

చుక్కకి ఈ తేడా తెలియదు. ఎనిమిదిమందినీ, ఇద్దరినీ ఒకే దారిన ఒకే చోటికి తీసుకుపోతుంది. పెళ్ళిలో ఆ కుర్రాడికి చెప్పలేకపోయింది ఇదే. నేను దాస్తున్నది చోటు కాదు నాయనా, ఎవరికి చెప్పాలో ఎవరికి చెప్పకూడదో తేల్చుకునే హక్కు ఆవిడది, దాన్ని నా ఫోన్లోంచి నీ ఫోన్లోకి పంపించేస్తే ఆవిడకి మిగలదు. పొగరు అంటావా? కొంత ఉంటుంది. ఆవిడ పేరు చెప్పి నేను నా ఇష్టాన్ని కాపాడుకుంటున్నానేమో కూడా. కానీ నువ్వు ఆదివారం వెళ్ళి ఆవిణ్ణే అడుగు. నీ మొహం చూస్తే దారి చెప్పే రకంగానే ఉంది.

అన్నట్టు, పాత కాయితం ఎవరి దగ్గరైనా ఉంటే చించెయ్యండి. మొన్నటి గాలివానకి మూడో తాడిచెట్టు మొదలంటా పడిపోయింది. కొత్త ఆనవాళ్ళు రాసే పని నాకొద్దని మనవరాలికి అప్పజెప్పాను. ఇప్పుడు ఎనిమిదో తరగతి. రాసి పంపించింది, మళ్ళీ అర్ధరూపాయి కార్డు మీదే, మూలన ఊదారంగు స్టాంపుతో:

"చెరువు గట్టు ఎక్కండి. రెండు తాడిచెట్లు నిలబడి ఉంటాయి, ఒకటి పడుకుని ఉంటుంది. పడుకున్నదాని మీద కూర్చుని తలుపురాయి చూడండి. తరవాత మా మామ్మని అడగండి. మామ్మ కనబడకపోతే మేకలు ఎటున్నాయో అటు రండి."